ఉస్తాదులను తీర్చిదిద్దిన ఉస్తాద్ డాక్టర్ జాకిర్ హుసేన్

ఒకే తరగతి గదిలో కూర్చున్న పిల్లల్లో ఒకరి ఇంట్లో తెలుగు, ఒకరి ఇంట్లో ఉర్దూ, మరొకరి తండాలో లంబాడీ. కామారెడ్డి జిల్లాలో నస్రుల్లాబాద్, బాన్సువాడ ప్రాంతాల వారికి ఇది కొత్త సంగతి కాదు. ఇంకా పడమరకు, మద్నూర్, జుక్కల్ వైపు వెళితే మరాఠీ, కన్నడం కూడా వినిపిస్తాయి. ఆ పిల్లల పండుగలు వేరు, పేర్లు వేరు, ఇళ్లలో అలవాట్లు వేరు. కానీ వారందరి చూపు నిలిచేది ఒక్కరి మీదే. ఆ ఒక్కరే ఉపాధ్యాయుడు.

హాజరు పిలిచేటప్పుడు ఒక పిల్లవాడి పేరును ఆయన సరిగా పలికాడా, నవ్వులాటగా విరిచి పలికాడా? తప్పు చేసిన ఇద్దరిలో ఎవరిని ఎంత మందలించాడు? ఎవరిని ముందు బెంచీలో కూర్చోబెట్టాడు? పిల్లలు ఇవన్నీ చూస్తారు. పాఠంలో చదివినది మరచిపోవచ్చు గాని చూసినది మరచిపోరు. పరమత సహనం గురించి పుస్తకంలో ఎన్ని పాఠాలున్నా, ఉపాధ్యాయుని ముఖంలో కనబడే పాఠమే పిల్లల మనసుకెక్కుతుంది.

ఈ సత్యాన్ని గ్రహించి, పిల్లలకు నేర్పే ముందు పిల్లలకు నేర్పేవారిని తయారుచేయాలని జీవితమంతా శ్రమించిన మహనీయుడు ఒకరున్నారు. ఆయన మన హైదరాబాద్‌లోనే పుట్టారు. భారతదేశానికి మూడవ రాష్ట్రపతి అయ్యారు. ఆయన పేరు డాక్టర్ జాకిర్ హుసేన్. రాష్ట్రపతిగా ఆయన చిత్రపటం చూసినవారు చాలామంది ఉన్నారు. ఉపాధ్యాయునిగా ఆయన పడిన కష్టం తెలిసినవారు తక్కువ.

హైదరాబాద్ బిడ్డ

జాకిర్ హుసేన్ 1897 ఫిబ్రవరి 8న హైదరాబాద్‌లో జన్మించారు. వారి పూర్వీకులు ఉత్తరప్రదేశ్‌లోని ఫరూఖాబాద్ జిల్లా ఖాయంగంజ్‌లో స్థిరపడిన పఠాన్లు. తండ్రి ఫిదా హుసేన్ ఖాన్ న్యాయవాద వృత్తి కోసం హైదరాబాద్ వచ్చి, ఇక్కడే మంచి పేరు, సంపాదన గడించారు. ఏడుగురు అన్నదమ్ముల్లో జాకిర్ హుసేన్ మూడవవారు. ఆయన బాల్యం నిజాం రాజ్యపు రాజధానిలో, అనేక భాషలు మాట్లాడే జనం మధ్య గడిచింది.

పదేళ్లు నిండేసరికి 1907లో తండ్రి కన్నుమూశారు. కుటుంబం తిరిగి ఖాయంగంజ్ చేరింది. బాలుడైన జాకిర్‌ను ఇటావాలోని ఇస్లామియా హైస్కూలులో చేర్చారు. 1911లో ప్లేగు వ్యాధి ఆ ఇంటిని తుడిచిపెట్టినంత పని చేసింది. తల్లి నాజ్‌నీన్ బేగం కూడా మరణించారు. పద్నాలుగేళ్ల వయసులో తల్లీ తండ్రీ లేనివాడైన ఆ అబ్బాయికి బడే ఇల్లయింది. ఇటావా బడి ప్రధానోపాధ్యాయుడు అల్తాఫ్ హుసేన్ ప్రభావం ఆయన మీద చిరకాలం నిలిచింది. ఒక మంచి ఉపాధ్యాయుడు దిక్కులేని పిల్లవాడికి ఏమి కాగలడో జాకిర్ హుసేన్ పుస్తకాల్లో చదవలేదు, అనుభవించి తెలుసుకున్నారు.

1913లో ఆయన అలీగఢ్‌లోని మొహమ్మదన్ ఆంగ్లో ఓరియంటల్ కళాశాలలో చేరారు. చురుకైన విద్యార్థిగా, మంచి వక్తగా పేరు తెచ్చుకున్నారు. 1915లో షాజహాన్ బేగంతో వివాహమైంది. డిగ్రీ పూర్తిచేసి పై చదువులు చదువుతూ, అక్కడే కొద్దిపాటి బోధన కూడా సాగిస్తున్న రోజుల్లో దేశంలో ఖిలాఫత్, సహాయ నిరాకరణ ఉద్యమాల గాలి వీచింది.

జామియా పుట్టుక

1920 అక్టోబరులో గాంధీజీ, అలీ సోదరులు అలీగఢ్ వచ్చారు. ప్రభుత్వ సహాయంతో నడిచే విద్యాలయాలను వదలమని పిలుపునిచ్చారు. వదిలితే ఎక్కడ చదవాలి? ఈ ప్రశ్న దగ్గర చాలామంది ఆగిపోయారు. జాకిర్ హుసేన్ ఆగలేదు. ఢిల్లీ వెళ్లి హకీం అజ్మల్ ఖాన్, డాక్టర్ అన్సారీ, మౌలానా మొహమ్మద్ అలీ వంటి పెద్దలను కలిశారు. జాతీయ విద్యాలయం ఒకటి పెడితే అందులో చేరడానికి విద్యార్థులూ అధ్యాపకులూ సిద్ధంగా ఉన్నారని చెప్పారు. అలా 1920 అక్టోబరు 29న అలీగఢ్‌లోనే జామియా మిల్లియా ఇస్లామియా స్థాపన జరిగింది. దేవ్‌బంద్ పెద్ద మౌలానా మహమూద్ హసన్ దానికి ప్రారంభకులు. అప్పటికి జాకిర్ హుసేన్ వయసు 23 ఏళ్లు.

రెండేళ్లు అక్కడ పనిచేసి 1922లో ఆయన జర్మనీ వెళ్లారు. బెర్లిన్ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం చదివి 1926లో డాక్టరేట్ పొందారు. భారతదేశంలో బ్రిటిష్ వారి వ్యవసాయ విధానం ఆయన పరిశోధనాంశం. అయితే ఆయన మనసు అర్థశాస్త్రం కన్నా విద్య మీదే ఎక్కువగా ఉండేది. చేతిపని ద్వారా పిల్లల బుద్ధినీ, శీలాన్నీ వికసింపజేయాలని చెప్పిన జర్మన్ విద్యావేత్త కెర్షెన్‌స్టైనర్ భావాలు ఆయనను ఆకట్టుకున్నాయి. బెర్లిన్‌లోని కావియానీ ప్రెస్సులో గాలిబ్ దీవాన్‌ను అందంగా ముద్రించే పని పెట్టుకుని, అక్షరాలు కూర్చే పనికి స్వయంగా పూనుకున్నారు. చదువుకున్నవాడు చేతిపని చేయడం చిన్నతనం కాదని ఆయన మాటల్లో కాకుండా చేతల్లో చూపారు.

ఇంతలో జామియా కష్టాల్లో పడింది. ఖిలాఫత్ ఉద్యమం చల్లబడి నిధులు ఆగిపోయాయి. మూసివేయాలన్న మాట కూడా వచ్చింది. జర్మనీలో ఉన్న జాకిర్ హుసేన్, ఆయన మిత్రులు ఆబిద్ హుసేన్, మొహమ్మద్ ముజీబ్ తమ జీవితాలను జామియాకే ఇస్తామని, తాము వచ్చేవరకూ మూయవద్దని పెద్దలకు కబురు పంపారు. 1925లో జామియా అలీగఢ్ నుంచి ఢిల్లీ కరోల్ బాగ్‌కు మారింది. 1926లో ముగ్గురు మిత్రులూ తిరిగివచ్చారు. 29 ఏళ్ల జాకిర్ హుసేన్ షేఖుల్ జామియా, అంటే వైస్ చాన్సలర్, బాధ్యత చేపట్టారు. 1948 వరకు ఆ బాధ్యతలోనే ఉన్నారు.

జీతం లేని ఉస్తాదులు

1927 చివర్లో హకీం అజ్మల్ ఖాన్ మరణించడంతో జామియాకు ఉన్న పెద్ద అండ పోయింది. అప్పుడు జాకిర్ హుసేన్, ఆయన సహచరులు ఒక ప్రతిజ్ఞ చేశారు. నెలకు 150 రూపాయలకు మించి జీతం తీసుకోకుండా కనీసం 20 ఏళ్లు జామియాకు సేవ చేస్తామన్నదే ఆ ప్రతిజ్ఞ. నిజానికి ఆ 150 కూడా ఎప్పుడూ సరిగా అందేది కాదు. నెలల తరబడి జీతాలు లేకుండా గడిపినవారున్నారు. విదేశాల్లో డాక్టరేట్ చేసిన మనిషి ఊరూరా తిరిగి చందాలు పోగుచేశారు. పుట్టిన ఊరైన హైదరాబాద్‌కూ వచ్చారు. నిజాం ప్రభుత్వం సహాయం అందించింది.

అంత పేదరికంలోనూ ఆయన దృష్టి పసిపిల్లల బడి మీదే ఎక్కువగా ఉండేది. జామియా ప్రాథమిక పాఠశాలలో అబ్దుల్ గఫ్ఫార్ మధోలీ వంటి ఉపాధ్యాయులతో కలిసి కొత్త పద్ధతులు ప్రవేశపెట్టారు. పిల్లలే నడిపే బ్యాంకు, పిల్లలే నడిపే దుకాణం, పిల్లలు ఎన్నుకునే పిల్లల ప్రభుత్వం అక్కడ ఉండేవి. నలుగురితో కలిసి ఒక పని పూర్తిచేస్తేనే నలుగురి విలువ తెలుస్తుందని ఆయన నమ్మకం.

జామియా పిల్లలకు జాకిర్ సాహెబ్ గురించి తరతరాలుగా చెప్పే ముచ్చట ఒకటుంది. కొందరు విద్యార్థులు మురికి బూట్లతో బడికి వస్తుండేవారు. ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. ఒకరోజు వైస్ చాన్సలర్ గారే పాలిష్ డబ్బీ, బ్రష్షు పట్టుకుని గేటు దగ్గర కూర్చున్నారు. వచ్చినవారి బూట్లు తుడవడం మొదలుపెట్టారు. సిగ్గుతో తలలు వంచుకున్న పిల్లలకు మళ్లీ చెప్పవలసిన అవసరం రాలేదు. కోపంతో సాధించలేనిదాన్ని తనను తాను తగ్గించుకుని సాధించిన ఉపాధ్యాయుడాయన.

మరో సంఘటన గుండెను పిండుతుంది. ప్రాథమిక పాఠశాల పిల్లలకు ఆయన మిఠాయి పంచుతున్న సమయంలో, ఇంట్లో జబ్బుతో ఉన్న తన పసికూతురు రెహానా చనిపోయిందని ఎవరో వచ్చి చెవిలో చెప్పారు. ముఖం పాలిపోయినా చేయి ఆగలేదు. పిల్లల సంతోషాన్ని చెడగొట్టడం ఇష్టంలేక మిఠాయి పంచడం పూర్తిచేశాకే ఇంటికి వెళ్లారు. పిల్లల కోసం రాసిన కథలకు ఆయన తన పేరు పెట్టుకోలేదు. రుఖయ్యా రెహానా అన్న పేరుతో అచ్చు వేయించారు. స్వేచ్ఛ కోసం తోడేలుతో పోరాడిన మేక కథ, అబ్బూ ఖాన్ కీ బక్రీ, వాటిలో ప్రసిద్ధమైనది.

జామియాలో పిల్లలు ఎక్కువమంది ముస్లింలే. కానీ వారికి చదువు చెప్పేవారంతా ముస్లింలే కావాలని జాకిర్ హుసేన్ ఎన్నడూ అనుకోలేదు. బెర్లిన్‌లో పరిచయమైన గెర్డా ఫిలిప్స్‌బోర్న్ అనే యూదు మహిళ 1930ల మొదట్లో జర్మనీ వదిలి జామియాకు వచ్చారు. పసిపిల్లల బడిలో, వసతి గృహంలో సేవచేశారు. పిల్లలు ఆమెను ఆపాజాన్ అని పిలిచేవారు. 1943లో ఆమె ఇక్కడే మరణించారు. జామియా ఖబరస్తాన్‌లోనే ఆమెకు ఇంత చోటు దొరికింది. పరాయి మతం, పరాయి దేశం, పరాయి భాష కలిగిన ఆ స్త్రీని అక్కగా భావించిన పిల్లలకు, మతసహనం మీద వేరే ఉపన్యాసం అవసరమా?

1935 మార్చి 1న ఓఖ్లాలో జామియా సొంత భవనానికి శంకుస్థాపన జరిగింది. దేశంలో పేరుమోసిన నాయకులెవరైనా ఆ రాయి వేయడానికి వచ్చేవారే. కానీ ఆ గౌరవాన్ని బడిలో అందరికన్నా చిన్నవాడైన విద్యార్థికి ఇచ్చారు.

వార్ధాలో వినిపించిన హెచ్చరిక

1937 అక్టోబరు 22, 23 తేదీల్లో గాంధీజీ వార్ధాలో విద్యావేత్తల సమావేశం పిలిచారు. చేతివృత్తి కేంద్రంగా పిల్లలకు చదువు చెప్పాలని, పిల్లలు తయారుచేసిన వస్తువుల అమ్మకంతో బడి ఖర్చులు వెళ్లాలని ఆయన ప్రతిపాదించారు. గాంధీజీ ఎదుట, అంతమంది పెద్దల నడుమ, జాకిర్ హుసేన్ లేచి మొహమాటం లేకుండా తన సందేహాలు చెప్పారు. పనితో చదువు మంచిదే, అది పూర్తిగా కొత్తదీ కాదు. కానీ బడి ఖర్చంతా పిల్లల చేతిపని మీద పెడితే ఉపాధ్యాయుడు పిల్లలచేత చాకిరీ చేయించే యజమానిగా మారిపోయే ప్రమాదముందని ఆయన హెచ్చరించారు. గాంధీజీకి కోపం రాలేదు. కొత్త విద్యా ప్రణాళిక తయారుచేసే కమిటీకి ఆయననే అధ్యక్షునిగా చేశారు.

1937 డిసెంబరు 2న జాకిర్ హుసేన్ కమిటీ నివేదిక ఇచ్చింది. ఏడేళ్ల నుంచి పద్నాలుగేళ్ల వరకు ఏడు సంవత్సరాల నిర్బంధ విద్య, మాతృభాషలో బోధన, ఒక చేతివృత్తి. ఇవి అందరికీ తెలిసిన అంశాలు. కానీ ఆ నివేదికలో ఉపాధ్యాయుల గురించి ఉన్న భాగం ఈనాటికీ ఆలోచింపజేస్తుంది.

ఉపాధ్యాయుల పూర్తి శిక్షణకు కమిటీ మూడేళ్లు కేటాయించింది. తొందరగా కావలసిన చోట ఒక సంవత్సరం స్వల్ప శిక్షణ చాలన్నది. శిక్షణ పొందేవారు అక్కడే కలిసి నివసించాలన్నది. ఒకే కప్పు కింద ఉండి, ఒకే వంట తిని, కలిసి పనిచేసినవారి మధ్య అపోహలు నిలవవు. ఒక్కొక్క ఉపాధ్యాయుని చేతికింద 30 మందికి మించి పిల్లలు ఉండరాదన్నది. పిల్లవాడి ఇల్లు, భాష, ఆచారం తెలియాలంటే ముందు ఆ పిల్లవాడు గుంపులో కలిసిపోకుండా ఉండాలి కదా! సాంఘిక శాస్త్ర పాఠాల్లో మానవజాతి మహనీయుల కథలకు, ప్రపంచ మతాలన్నిటి పట్ల గౌరవానికి చోటు కల్పించింది.

అన్నిటికన్నా విలువైన మాట లిపి గురించి ఉంది. హిందూస్తానీ మాతృభాష కాని ప్రాంతాల్లో పిల్లలు ఆ భాషను నాగరి లిపిలోగాని, ఉర్దూ లిపిలోగాని తమకు నచ్చినట్లు నేర్చుకోవచ్చు. కానీ రెండు రకాల పిల్లలకూ చెప్పవలసిన ఉపాధ్యాయునికి మాత్రం రెండు లిపులూ వచ్చి తీరాలి. ఎంపిక పిల్లవాడిది. శ్రమ ఉపాధ్యాయునిది. ఆనాడు ఈ రెండు లిపుల మీద దేశమంతా గొడవలు జరుగుతున్నాయి. ఆ గొడవ తరగతి గది గడప దాటి లోపలికి రాకుండా ఆపే బాధ్యతను కమిటీ పసివాడి నెత్తిన పెట్టలేదు, పెద్దవాడి నెత్తిన పెట్టింది. జాకిర్ హుసేన్ ఆలోచనకు ఇదే సారాంశం.

1938లో ఈ విద్యా విధానాన్ని నడిపించడానికి హిందూస్తానీ తాలీమీ సంఘ్ ఏర్పడగా ఆయన దానికి అధ్యక్షులయ్యారు. అదే ఏడు జామియాలో ఉస్తాదోం కా మద్రసా, అంటే ఉపాధ్యాయుల బడి, మొదలైంది. ఈనాడు జామియాలో ఉన్న విద్యాశాఖకు మూలం అదే.

రెండు వైపులా నిందలు

మంచి పనికి మెప్పు వెంటనే రాదు. వార్ధా పథకంలో మతబోధన లేదని, ఇది కాంగ్రెస్ పథకమని ముస్లిం లీగ్ తీవ్రంగా విమర్శించింది. సొంత సమాజంలోనే జాకిర్ హుసేన్ మాటలు పడవలసి వచ్చింది. మరోవైపు, పేరులోనే ఇస్లామియా ఉన్న సంస్థను నడిపే మనిషి జాతీయ విద్య గురించి మాట్లాడటమేమిటని అనుమానించినవారూ ఉన్నారు. ఆయన ఎవరికీ కఠినంగా బదులివ్వలేదు. తన ధర్మాన్ని శ్రద్ధగా ఆచరించే మనిషే ఎదుటివారి ధర్మాన్ని గౌరవించగలడని నమ్మి, తన బతుకుతోనే జవాబు చెప్పారు.

1946 నవంబరులో జామియా రజతోత్సవం జరిగింది. అది ఎలాంటి సమయమో పాఠకులకు తెలియనిది కాదు. ఆగస్టులో కలకత్తా, అక్టోబరులో నౌఖాలీ, ఆ వెంటనే బీహార్. మతకలహాలతో దేశం తగలబడుతోంది. కాంగ్రెస్, లీగ్ నాయకులు ఒకరి ముఖం ఒకరు చూసుకోవడానికి కూడా ఇష్టపడని రోజులవి. అటువంటి రోజుల్లో జాకిర్ హుసేన్ జవహర్‌లాల్ నెహ్రూను, మొహమ్మద్ అలీ జిన్నాను ఒకే వేదిక మీద కూర్చోబెట్టారు. మౌలానా ఆజాద్, లియాఖత్ అలీ ఖాన్, రాజాజీ కూడా ఉన్నారు. ఆయన వారిని పొగడలేదు. దేశంలో అంటుకున్న ద్వేషాగ్నిని ముందు ఆర్పమని వేడుకున్నారు. ఎవరు అంటించారని తర్జనభర్జన పడటానికి ఇది సమయం కాదన్నారు. ఈ మంటల్లో పసిమొక్కలను ఎలా పెంచగలమని ఉపాధ్యాయుల పక్షాన నిలదీశారు. రాజకీయ నాయకుల ముందు ఒక బడిపంతులు తన పిల్లల కోసం చేసిన విన్నపం అది. ఆ విన్నపం ఫలించలేదు.

జలంధర్ స్టేషన్

1947 ఆగస్టులో, స్వాతంత్ర్యం వచ్చిన కొద్ది రోజులకే, ఆరోగ్యం బాగాలేక జాకిర్ హుసేన్ విశ్రాంతి కోసం రైల్లో కాశ్మీర్ బయలుదేరారు. జలంధర్ స్టేషన్‌లో అల్లరి మూకలు ఆయనను గుర్తుపట్టి పట్టుకున్నాయి. గడ్డం, షేర్వానీ చూస్తే చాలు, చంపడానికి ఇంకే కారణం అక్కరలేని రోజులవి. ప్రాణం పోవడం ఖాయమనుకున్న క్షణంలో ఒక సిక్కు సైనికాధికారి, ఒక హిందూ రైల్వే ఉద్యోగి అడ్డుపడి ఆయనను కాపాడారు.

ఒకే ప్లాట్‌ఫారం మీద చంపబోయినవారూ, కాపాడినవారూ ఉన్నారు. తేడా మతంలో లేదు, పెంపకంలో ఉంది. జీవితమంతా ఆయన చెబుతూ వచ్చిన మాటకు ఆ స్టేషనే సాక్ష్యం పలికింది.

ఢిల్లీకి తిరిగివచ్చేసరికి అక్కడా అదే మంట. కరోల్ బాగ్‌లోని జామియా పుస్తక సంస్థ మక్తబా జామియా దహనమైంది. ఏళ్ల తరబడి పోగుచేసిన పుస్తకాలు బూడిదయ్యాయి. ఓఖ్లాలో జామియా వాసులు చుట్టూ పొగలు చూస్తూ రాత్రులు మేలుకున్నారు. సైన్యం కాపలా వచ్చింది. సెప్టెంబరులో గాంధీజీ స్వయంగా వచ్చి వారిని పలకరించారు. జాకిర్ హుసేన్ పగలు కాందిశీకుల శిబిరాల పని చూసేవారు. దేశం విడిచిపోయే ఆలోచన ఆయనకు లేదు. సొంత తమ్ముడు మహమూద్ హుసేన్ పాకిస్తాన్ వెళ్లి అక్కడ విద్యామంత్రి కూడా అయ్యారు. మరో తమ్ముడు యూసుఫ్ హుసేన్ మన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చరిత్ర బోధించారు. జాకిర్ హుసేన్ మాత్రం తన పాఠశాలను విడవలేదు.

అలీగఢ్‌కు మళ్లీ

1948లో ఆయనను అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్‌గా పంపారు. విభజన తర్వాత ఆ విద్యాలయాన్ని దేశమంతా అనుమానంగా చూస్తోంది. అధ్యాపకులు అనేకులు పాకిస్తాన్ వెళ్లిపోయారు. మిగిలిన విద్యార్థుల్లో భయం, నిరాశ. ఆ భయాన్ని పోగొట్టి, చదువు మీద మనసు పెట్టించి, 1956 వరకు ఆయన ఆ సంస్థను నిలబెట్టారు. తోటలంటే ఆయనకు ప్రాణం. అలీగఢ్ ఆవరణంలో పూలమొక్కలు నాటించారు. ఒక్కొక్క మొక్కకు ఒక్కొక్క తీరు నేల, నీరు, నీడ కావాలని తోటమాలికి తెలిసినట్లే, ఒక్కొక్క పిల్లవాడి తీరు ఉపాధ్యాయునికి తెలియాలన్నది ఆయన తరచూ చెప్పే భావం.

ఆ కాలంలోనే, 1948, 49 సంవత్సరాల్లో డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్ పనిచేసింది. జాకిర్ హుసేన్ అందులో సభ్యులు. విద్యాలయాల్లో రోజు ప్రారంభంలో కొద్ది నిమిషాలు మౌనధ్యానం పాటించాలని, డిగ్రీ మొదటి సంవత్సరంలో బుద్ధుడు, ఏసుక్రీస్తు, మొహమ్మద్ ప్రవక్త, శంకరులు, రామానుజులు, కబీర్, నానక్ వంటి మహనీయుల జీవితాలు అందరికీ బోధించాలని ఆ కమిషన్ సూచించింది. తన మతాన్ని వదులుకోనక్కరలేదు, ఎదుటివాడి మతం గురించి తెలియనితనాన్ని వదులుకుంటే చాలునన్నది ఆ సూచన వెనుక ఉద్దేశం.

1957లో బీహార్ గవర్నరు, 1962లో ఉపరాష్ట్రపతి. 1963లో భారతరత్న. 1967 రాష్ట్రపతి ఎన్నికలో ఆయనకు పోటీగా నిలిచినది మన తెలుగువారే, సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి పదవికి రాజీనామా చేసి వచ్చిన కోకా సుబ్బారావు గారు. జాకిర్ హుసేన్‌కు 4,71,244 ఓట్లు, సుబ్బారావు గారికి 3,63,971 ఓట్లు వచ్చాయి. 1967 మే 13న జాకిర్ హుసేన్ రాష్ట్రపతిగా ప్రమాణం చేశారు. ఆ పదవికి వచ్చిన మొదటి ముస్లిం ఆయనే. ఒక ఉపాధ్యాయుడైన రాధాకృష్ణన్ దిగిన కుర్చీలో మరొక ఉపాధ్యాయుడు కూర్చున్నారు.

రెండేళ్లు నిండకముందే, 1969 మే 3న రాష్ట్రపతి భవన్‌లో గుండెపోటుతో ఆయన పరమపదించారు. పదవిలో ఉండగా మరణించిన మొదటి రాష్ట్రపతి ఆయనే. ఉపరాష్ట్రపతిగా ఉన్న మన తెలుగువారు వి.వి. గిరి తాత్కాలికంగా బాధ్యతలు తీసుకున్నారు. జాకిర్ సాహెబ్‌ను జామియా ఆవరణంలోనే ఖననం చేశారు. పిల్లలు నడిచే దారి పక్కన ఆ ఉస్తాద్ శాశ్వతంగా విశ్రమించారు.

మన బడులకు మిగిల్చిన పాఠం

ఆయన కన్న కల అంతా నెరవేరిందని చెప్పలేము. బేసిక్ విద్య క్రమంగా మరుగునపడింది. 1958లో ఆకాశవాణి పటేల్ స్మారకోపన్యాసాలు ఇచ్చేనాటికే, దాన్ని అమలుచేస్తున్న తీరు మీద ఆయనకు తీవ్రమైన అసంతృప్తి ఉండేది. రాట్నం వచ్చింది, దాని వెనుక ఉన్న ఆలోచన రాలేదు. కారణం స్పష్టమే. ప్రణాళిక మారింది గాని ఉపాధ్యాయులు అందుకు తగ్గట్టు తయారు కాలేదు. ఆయన హెచ్చరించినదీ ఇదే.

అయినా ఆయన దారి మూసుకుపోలేదు. ఉపాధ్యాయ శిక్షణ అంటే పాఠం చెప్పే మెళకువలు, పరీక్షల లెక్కలే అనుకునే కాలంలో మనమున్నాం. బడిలో వేర్వేరు ఇళ్ల నుంచి వచ్చే పిల్లలతో ఎలా మెలగాలో కూడా శిక్షణలో భాగమే కావాలి. ఇందుకు పెద్ద నిధులు అక్కరలేదు. తెలుగు మీడియం ఉపాధ్యాయుడు ఉర్దూలో నాలుగు పలకరింపులు నేర్చుకోవచ్చు. ఉర్దూ మీడియం ఉపాధ్యాయుడు తెలుగు ధారాళంగా చదవడం నేర్చుకోవచ్చు. తండా పిల్లవాడిని వాడి భాషలో ఒక్క మాట అడిగితే వాడి ముఖం ఎలా వికసిస్తుందో చూడవచ్చు. రంజాన్ నెలలో ఉపవాసమున్న పిల్లవాడిని ఆటల పీరియడ్‌లో ఎండలో పరుగెత్తించకుండా చూడటానికి సర్క్యులర్ అవసరమా? బతుకమ్మ పండుగకు తోటి పిల్లలు ఎందుకు పూలు తెస్తారో ముస్లిం పిల్లవాడికి మన్ననగా వివరించడానికి ప్రత్యేక పీరియడ్ కావాలా? ఒకే ఆవరణలో రెండు మీడియంలు నడిచే చోట, ఆటల్లో, వార్షికోత్సవంలో, బడితోట పనిలో పిల్లలను కలిపి జట్లు చేస్తే చాలు. జాకిర్ సాహెబ్ బ్యాంకు, దుకాణం పెట్టించింది ఇందుకే.

2009 విద్యాహక్కు చట్టం పిల్లలను కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. మతం పేరుతో, కులం పేరుతో, భాష పేరుతో తరగతిలో ఎత్తిపొడవడం కూడా పసిమనసుకు దెబ్బే. ఆ దెబ్బ ఒంటి మీద కనిపించదు గనుక ఎవరూ లెక్కలోకి తీసుకోరు. పిల్లవాడు మాత్రం జీవితాంతం మోస్తాడు. కొందరు ఆ కారణంగానే బడి మానేస్తారు.

తల్లిదండ్రుల బాధ్యతా తక్కువది కాదు. ఫలానా కులం సార్, ఫలానా మతం టీచర్ అని పిల్లల ముందు మనం మాట్లాడితే, మరునాడు బడిలో ఉపాధ్యాయుడు ఎంత మంచివాడైనా పిల్లవాడికి అనుమానంగానే కనిపిస్తాడు. తెలంగాణ మైనారిటీ గురుకులాల్లో ఇతర వర్గాల పిల్లలకు కూడా సీట్లున్నాయి. అక్కడ మన పిల్లలదే ఎక్కువ సంఖ్య. ఎక్కువ ఉన్నచోట తక్కువ ఉన్నవారితో మన పిల్లలు ఎలా ఉంటారో, తాము తక్కువ ఉన్నచోట అలాంటి నడతనే కోరగలరు. చదువులో చురుకైన మన ఆడపిల్లలను, మగపిల్లలను ఉపాధ్యాయ వృత్తివైపు ప్రోత్సహించడం కూడా జాకిర్ సాహెబ్‌ను గౌరవించడమే. ఇంజనీరు, డాక్టరు కావాలని కోరుకునే తల్లిదండ్రులు మంచి ఉస్తాద్ కావాలని కూడా ఒక బిడ్డ కోసం దుఆ చేయవచ్చు.

రాష్ట్రపతి భవన్ దాకా వెళ్లిన ఆ మనిషి తన్ను తాను చివరి వరకు ఉపాధ్యాయునిగానే భావించుకున్నారు. ఆయన పేరు మీద వీధులున్నాయి, కళాశాలలున్నాయి, చండీగఢ్‌లో పెద్ద గులాబీ తోట ఉంది. కానీ నస్రుల్లాబాద్ వంటి చోట ఒక మామూలు సర్కారు బడిలో, హాజరు పట్టీలోని ప్రతి పేరునూ ఒకే ప్రేమతో పిలిచే ఉపాధ్యాయుడు ఒక్కరున్నా, జాకిర్ సాహెబ్ నాటిన మొక్క అక్కడ పూసినట్లే.